లాభం తర్వాత రెండు

ఆ ఏడాది పోయినవాటిని వరుసగా చెప్తాను. మొదట, పెబ్బేరులో పల్లికాయల దుకాణంలో లెక్కలు రాసే నా చోటు పోయింది. నేను వదిలిన వారానికే అక్కడ ఇంకొకరు కూర్చున్నారు. తర్వాత గొంతు పోయింది, సరిగ్గా తిరిగి రావడానికి దీపావళి దాటింది. కళ్లజోళ్లు రెండు పోయాయి, ఒకటి బస్సులో, ఒకటి పిల్లల కాళ్ల కింద. మధ్యాహ్నం కునుకు పోయింది. నా లెక్క తప్పదని బజారులో ఉన్న పేరు పోయింది. ఆ పేరు బజారుకంటే నాకే ఎక్కువ కావాలి. ఒక రైతు పత్తిచేనులో ఒక సాలు పొడవునా పూలు రాలిపోయాయి. ఇవి కాక, ఒకటో తరగతిలో పంతొమ్మిది మంది పిల్లల లెక్కలో తలా ఒకటి పోయింది. కోడి మాత్రం పోలేదు. పోయిందనుకున్నారంతే.

వీటిలో కొన్ని తిరిగి వచ్చాయి, కొన్ని లేకుండా ఉండటం అలవాటైంది. పిల్లల లెక్క అలాంటిది కాదు. అందులోనూ ఒక పిల్ల లెక్క.

మా నాన్న పెబ్బేరు సంతలో ధాన్యం కొలిచేవాడు. కాంటాలు అన్ని దుకాణాల్లోకి రాకముందు మాట ఇది. కుంచం నింపి, అరచేత్తో పైన చదును చేసి, గోనెసంచిలోకి ఒంపుతూ గట్టిగా లెక్క చెప్పేవాడు. మొదటి కుంచానికి ‘ఒకటి’ అనకూడదు, ఏదైనా శుభమైన మాటతో మొదలవ్వాలి. రైతుల ముందు ‘లాభం’ అనేవాడు, మా ఇంట్లో బియ్యం కొలిచేటప్పుడు ‘బర్కత్’ అనేవాడు. లాభం, రెండు, మూడు, నాలుగు. ఆ పాట వింటూ నేను లెక్క నేర్చాను. బడిలో నేర్చింది తక్కువ. పదో తరగతి కాగానే పెళ్లయింది. పిల్లలు కాస్త పెద్దయ్యాక దుకాణంలో చేరి తరుగులు, వడ్డీలు నోటితోనే వేయడం పట్టుబడింది. నలభైకి దగ్గరపడ్డాక ఇంటర్ కట్టాను, తర్వాత టీచర్ ట్రైనింగ్ పూర్తి చేశాను, అర్హత పరీక్ష కూడా గట్టెక్కాను. పిల్లల మనసు గురించి పుస్తకాల్లో చాలా చదివాను. పిల్లల ముందు మాత్రం నిలబడింది లేదు.

అప్పుడే ఒక సంస్థవాళ్లు రెసిడెన్సీ అని పెట్టారు. చదువయ్యాక కొత్త డాక్టర్లు పెద్ద డాక్టరు వెంట దవాఖానలో తిరిగినట్టే, కొత్త టీచర్ ఏడాదిపాటు ఒక పాత టీచర్ తరగతిలో ఉండాలి. మొదట వెనక కూర్చుని చూడాలి. తర్వాత పాఠంలో ఒక చిన్న ముక్క చెప్పాలి, తర్వాత ఒక పీరియడ్, తర్వాత ఒక పూట, చివరికి ఒక వారమంతా ఒంటరిగా. ఈమెకు తరగతి అప్పజెప్పవచ్చని ఏడాది చివర ఆ పాత టీచర్ ఒప్పుకోవాలి. నాకు గద్వాల దగ్గర ఒక ఊరి సర్కారు బడి ఇచ్చారు. రోజూ పొద్దున్నే పెబ్బేరులో బస్సెక్కి, కృష్ణ దాటి పోయేదాన్ని. బస్సు వంతెన మీదికి రాగానే ఎదురొచ్చే బస్సులు లెక్కపెట్టడం మొదలుపెట్టేదాన్ని.

నన్ను ఎవరికి అప్పగించారో ఆమె నాకంటే పదేళ్లు చిన్నది. నేను ఆమెను మేడం అనేదాన్ని, ఆమె నన్ను ఆపా, అంటే అక్కా, అనేది. ఒకటి, రెండు తరగతులు ఒకే గదిలో ఆమె చేతిలో ఉండేవి.

“నెల రోజులు నోరు తెర్వొద్దు, ఆపా,” అంది మొదటి రోజే. “నన్ను చూడకు. నేను జెప్పేది పుస్తకంల ఉన్నదే. పిల్లలను చూడు.”

చూడటం వరకు పరవాలేదు. నోరు తెరవకుండా ఉండటం నావల్ల కాలేదు. ఆమె ప్రశ్న అడిగి ఊరుకునేది. కిటికీలోంచి బయటికి చూస్తూ, తనకేమీ తొందర లేనట్టు నిలబడేది. దుకాణంలో అడిగినవాడికి వెంటనే జవాబు చెప్పకపోతే వాడు పక్క దుకాణానికి పోతాడు. ఆ భయం నా ఒంట్లో ఉంది. ఒకరోజు మూడు గాజులున్న చెయ్యి పట్టుకుని, ఇంకో రెండేసుకుంటే ఎన్నవుతాయని ఆమె ఒక పిల్లను అడిగింది. ఆ పిల్ల తన చేతి వంక చూస్తోంది, చూస్తోంది. వెనక నుంచి నేను “ఐదు” అనేశాను.

మేడం మెల్లగా తిరిగింది. “శబాష్, ఆపా. నువ్వు ఒకటో తరగతి పాసైనవ్. ఇగ రెండో తరగతిల కూసో.”

పిల్లలు పగలబడి నవ్వారు. రెండో తరగతి పిల్లాడొకడు నిజంగానే పక్కకు జరిగి చాప మీద చోటిచ్చాడు.

మధ్యాహ్నం అన్నాలు తినేటప్పుడు ఆమె ఇంకోమాట చెప్పింది. “జవాబు నీకు వస్తదని అందరికి తెల్సు. ఆ పిల్ల ఏం ఆలోచిస్తుండెనో ఇగ మనకెప్పటికీ తెల్వదు. నువ్వే చెప్పేస్తివి గద.”

ఆగస్టులో ఒక కొత్త పాప వచ్చింది. గద్వాల చుట్టుపక్కల విత్తన పత్తి వేస్తారు. సాయంత్రం పూట మొగ్గలు వలిచి, పొద్దున వాటి మీద మరో రకం పూలు రుద్దాలి. క్రాసింగ్ అంటారు. చాలా చేతుల పని, కొన్ని వారాల పని. ఆ పని కోసం నల్లమల గుట్టల నుంచి వచ్చిన కుటుంబం ఒకటి ఊరి బయట చేనులో రేకుల షెడ్డులో దిగింది. మేడం స్వయంగా పోయి, బతిమాలి, ఆరేళ్ల పాపను బడికి తెచ్చింది. పాప మాట్లాడేది కాదు. పేరు పిలిస్తే తల ఊపేది. పక్కవాళ్లు తోస్తే జరిగేది.

“క్రాసింగ్ అయిపోతె పోతరు, ఆపా,” అంది మేడం. “ఎప్పుడైపోతదో వాళ్లకే తెల్వదు. పోయేలోపల ఈ పిల్లకు ఏదన్న ఒక్కటి పక్కాగ రావాలె. లెక్కవెట్టుడన్న రావాలె.”

ఆ మాట నా మీద రాయిలా కూర్చుంది. అప్పటినుంచి రోజూ నేను మొదట చూసేది ఆ పాప వచ్చిందా లేదా అనే.

సెప్టెంబరులో మేడాన్ని సర్వే డ్యూటీకి పంపారు. దాదాపు రెండు వారాలు. నాకు అప్పటికి చిన్న ముక్కలు చెప్పే దశ కూడా పూర్తి కాలేదు. పక్క గది సారు రెండో తరగతిని తన దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. ఒకటో తరగతి నాకు మిగిలింది. “లెక్కవెట్టుడు మాత్రం చేయించు, కొత్తది ఏం మొదలువెట్టకు,” అని చెప్పి ఆమె పోయింది.

మొదటి పూటే గది నా చేతిలోంచి జారిపోయింది. ఒకడు ఏడుస్తున్నాడు, ఇద్దరు చింతగింజలు ముక్కులో పెట్టుకుంటున్నారు, ఒకతి ఇంటికి బయల్దేరింది. అరిచి అరిచి గొంతు పోయింది. గింజలు ఒక్కొక్కటీ డబ్బాలో వేస్తూ, ఏం చేయాలో తోచక, మిగిలిన బొంగురు గొంతుతోనే మా నాన్న పాట ఎత్తుకున్నాను. లాభం! రెండు! మూడు! గింజ డబ్బాలో పడ్డ చప్పుడూ మాటా ఒకేసారి. ఏడుస్తున్నవాడు ఆగాడు. ఇంటికి బయల్దేరిన పిల్ల గుమ్మంలో నిలబడి చూసింది. రెండోసారికి అందరూ నాతో కలిశారు. నల్లమల పాప నోరు తెరిచి, అందరికంటే గట్టిగా “లాభం!” అంది.

ఆ రోజు బస్సులో కృష్ణ దాటుతుంటే ఎదురొచ్చే బస్సులు లెక్కపెట్టడం మర్చిపోయాను. ఆ రెండు వారాలూ మేం రోజూ అలాగే లెక్కపెట్టాం, గింజలు, పలకలు, చెప్పులు, ఆకులు. అందరం కలిసి, పాటలాగా. ఒక్కరిని విడిగా పిలిచి ‘నువ్వు చెప్పు’ అనాలని నాకు తోచలేదు. అంత గట్టిగా చెప్తున్నవాళ్లకు రాదని ఎవరనుకుంటారు?

మేడం తిరిగి వచ్చిన రోజు, ప్రార్థన కాగానే పాప తల్లి వచ్చింది. పాపను రెక్క పట్టుకుని తెచ్చింది. గుమ్మం దాటకుండానే మొదలుపెట్టింది.

“మస్తు చదువు చెప్పిండ్రు తీయ్, టీచరమ్మా! ఉన్న కోడి కోసం ఊరంత తిరిగినం.”

“ఏమైందమ్మా? జర కూసో,” అంది మేడం.

“కూసుండనీకి యాళ్ల లేదు. నేను మొగ్గల పనిల ఉంట, పొద్దుగూకినంక కోళ్లను గంప కింద కమ్మేది ఇదే. ఏడు కోళ్లు మావి. లెక్కవెట్టవే అంటె ఆరన్నది. మళ్ల పెట్టవే అంటె మళ్ల ఆరే. దీని నాయన బ్యాటరీ లైటు పట్టుకొని పత్తిల జొరవడ్డడు. సాలుకు సాలు పూలన్ని రాలగొట్టి వచ్చిండు. పొద్దుగాల రైతు వచ్చి లొల్లి లొల్లి. గంప లేపి చూస్తె ఏడు కోళ్లు మమ్ములనే చూస్తున్నయ్!”

రెండో తరగతి పిల్లలు నవ్వారు. ఆమెకూ నవ్వొచ్చింది కానీ ఆపుకుంది. “నేను దీనికి రెండు వేసిన. పిల్లది అప్పటిసంది నోరిప్పుతలేదు.”

మేడం కింద కూర్చుంది. చాప మీద ఏడు చింతగింజలు పెట్టింది. “ఎట్ల లెక్కవెడ్తవో నాకు చూపియ్యి, తల్లీ. కొట్టరు ఎవ్వరు.”

మేడం కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. చివరికి పాప ఒక వేలు మొదటి గింజ మీద పెట్టింది. “లాభం.” రెండో గింజ మీద పెట్టింది. “ఒకటి.” మూడో దాని మీద, “రెండు.” అలా చివరి గింజ దగ్గరికి వచ్చేసరికి, “ఆరు.”

“చూస్తిరా?” అంది తల్లి. “ఏడు గింజలు కండ్లముంగట కూసున్నయ్.”

మేడం నా వైపు చూడలేదు. మిగతావాళ్లను ఒక్కొక్కరినే పిలిచింది. లాభం, ఒకటి, రెండు. అందరిదీ అదే వరస. ఐదు సుద్దముక్కలు తెమ్మంటే ఆరు తెచ్చారు. నాతో కలిసి పాడినప్పుడు రెండు అన్నవాళ్లే, ఒంటరిగా వేలు పెట్టి లెక్కపెట్టేసరికి అంగన్‌వాడీలో నేర్చుకున్న ఒకటిని తెచ్చి లాభం పక్కన కూర్చోబెట్టారు. లాభం అంటేనే ఒకటి అని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన సంగతని నాకు తెలియనే తెలియదు.

సాయంత్రం ఇంటికి పోయి అబ్బాకు, అదే మా నాన్నకు, చెప్పాను. ఆయనకిప్పుడు చూపు సరిగా ఆనదు. మంచం మీద కూర్చుని నవ్వాడు. “లాభం అంటె ఏందో తెల్వనోళ్లు ఎవరున్నరే? రైతుకు తెల్వదా, సేటుకు తెల్వదా?”

“పిల్లలకు తెల్వదు, అబ్బా.”

ఆయన నవ్వు ఆపి, “అవ్ గద,” అన్నాడు. “నీకెవరు జెప్పిండ్రు మరి?” అని అడిగాడు. నాకు జ్ఞాపకం రాలేదు. ఎంత వెతుక్కున్నా ఆ చోటు ఖాళీగానే ఉంది.

మర్నాడు తప్పు దిద్దమని మేడాన్ని బతిమాలాను. ఆమె ఒప్పుకోలేదు. “నేను దిద్దితె వాళ్లకు రెండు లెక్కలైతయ్. ఒకటి నీది, ఒకటి నాది. నువ్వే చెయ్యి. నేను వెనక కూసుంట.”

ఇద్దరం కూర్చుని దారి వెతికాం. ‘లాభం అనొద్దు’ అని చెప్పేద్దామన్నాను. వద్దంది. ఇష్టంగా నేర్చుకున్నదాన్ని లాక్కుంటే లెక్కనే వదిలేస్తారంది. ముందు మాటలు పక్కన పెట్టి, ఒక పిల్లకు ఒక గింజ, ఒక పళ్లేనికి ఒక గుడ్డు, అలా జత కలపడం మొదలుపెట్టాను. మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఇచ్చే రోజు బాగా పనికొచ్చింది. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టుకుని, ఒక గింజ పెట్టి, “ఎన్నున్నయ్?” అని అడిగి ఊరుకునేదాన్ని. ఆ ఊరుకోవడమే కష్టం. నాలుక పళ్ల మధ్య పెట్టుకునేదాన్ని.

ఒకడు చాలా రోజులు లొంగలేదు. “లాభం దేవునిది గద, టీచర్. దాన్ని మనం లెక్కవెట్టుకోవద్దు.”

“దేవునిది ఎక్కడుంటది?”

“డబ్బలనే ఉంటది. కని మనది కాదు.”

వెనక మేడం చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. గుడ్ల రోజు వాడి చేతికే గుడ్ల గిన్నె ఇచ్చాను. లాభాన్ని వదిలేసిన వాడి లెక్క ప్రకారం గుడ్లు ఒకటి తక్కువ, వరసలో చివరివాడికి గుడ్డు రాదు, ఆ చివరివాడు వాడే. ఒక్కొక్కరికీ పంచుకుంటూ వచ్చి, గిన్నెలో మిగిలిన గుడ్డు వైపు, నా వైపు చూశాడు. “లాభం గూడ ఒకటే,” అన్నాడు, నన్ను తప్పు పట్టినట్టుగా.

అలా ఒకరి తర్వాత ఒకరు దారికొచ్చారు. నల్లమల పాప రాలేదు. బడికి వచ్చినా లెక్కకు రాలేదు. గింజలు ముందు పెడితే అరచేత్తో కప్పేసేది. మిగతావాళ్లు పాడుతుంటే నా నోటి వైపు చూసేది, పెదవులు కదిపేది కాదు. రోజూ రావడం మానేసి అప్పుడప్పుడు వచ్చేది. ఇంతలో దసరా సెలవులు పడ్డాయి.

ఆ సెలవుల్లో క్రాసింగ్ ఎన్నాళ్లుంటుందో కనపడ్డ రైతునల్లా అడిగాను. ఇంకో పది రోజులని ఒకాయన అన్నాడు. కాయ పట్టింది, అయిపోవచ్చిందని ఇంకొకాయన. “వాన గొడితె రేపే,” అన్నాడు మూడో ఆయన. మూడు జవాబులూ కలిపి సగటు తీయడానికి లేదు. రోజూ పొద్దున లేవగానే మబ్బు వైపు చూసేదాన్ని.

బడి తెరిచిన రోజు పాప రాలేదు. రెండో రోజూ రాలేదు. బడి వదలగానే మేడం, నేను షెడ్డుకు పోయాం. చేనులో పని పలుచబడింది. తల్లి బయట గిన్నెలు తోముతోంది. నన్ను చూడగానే గొంతెత్తింది.

“అమ్మో, లెక్కల టీచరమ్మ వచ్చింది! కోళ్లను దాసిపెట్టుకోవాలె.”

“దాసిపెట్టకమ్మా, వాటికోసమే వచ్చిన,” అన్నాను. ఆమె ఈసారి నిజంగానే నవ్వింది.

“ఎప్పుడు పోతున్నరు?” అని మేడం అడిగింది.

“ఎల్లుండి దాక ఉంటం గావచ్చు. రైతు ఇడిస్తె పోతం.”

పొద్దు దిగుతోంది. కోళ్లు ఒక్కొక్కటే షెడ్డు వైపు వస్తున్నాయి. పాప గంపను ఒక పక్క పైకెత్తి పట్టుకుని కూర్చుంది. మొదటి కోడి దూరింది. పాప నా వైపు ఒక చూపు చూసి, “లాభం,” అంది. చిన్నగానే, కానీ వినపడింది. వారాల తర్వాత ఆ పిల్ల నోటి నుంచి వచ్చిన లెక్క మాట అది.

రెండో కోడి దూరింది. పాప పెదవులు కదిలాయి. చప్పుడు రాలేదు. ఏమనుకుందో నాకు అందలేదు. నా గొంతులో ‘రెండు’ అన్న మాట తయారుగా ఉంది, ఇంకొక్క క్షణముంటే అనేసేదాన్ని. మేడం నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. మూడో కోడి, నాలుగో కోడి. పెదవులు కదులుతూనే ఉన్నాయి. చివరిది తిప్పించుకుని, తిప్పించుకుని ఎట్టకేలకు దూరింది. పాప గంప దించి, పైన రాయి పెట్టింది.

“ఎన్నున్నయ్, బిడ్డా?” అని అడిగాను. అడిగి ఊరుకున్నాను. ఈసారి నిజంగా ఊరుకున్నాను.

పాప తల్లి వైపు చూసింది. గంప వైపు చూసింది.

“అన్నీ ఉన్నయ్,” అంది.

తల్లి చేతిలో గిన్నె పక్కన పెట్టి మరీ నవ్వింది. “గదీ లెక్క! గట్ల చెప్పు!” మేడం కూడా నవ్వింది. నేనూ నవ్వాను. జవాబు తప్పు కాదు. కానీ పెదవుల వెనక లాభం తర్వాత వచ్చింది ఒకటా, రెండా? రేపు బడికి రమ్మన్నాను. పాప తల ఊపింది. మర్నాడు పొద్దున నేను తొందరగా పోయి ఏడు గింజలు విడిగా పెట్టుకుని కూర్చున్నాను. ఆమె రాలేదు. సాయంత్రం షెడ్డు దగ్గరికి పోతే తలుపు తీసే ఉంది, పొయ్యి రాళ్లు చల్లగా ఉన్నాయి. పొద్దుగాలనే ట్రాక్టర్ వస్తే ఎక్కిపోయారని పక్క చేనువాళ్లు చెప్పారు.

ఏడాది చివరి వారం తరగతి మొత్తం నేనే నడిపాను. మేడం వెనక చాప మీద కూర్చుంది. శనివారం పిల్లలు పోయాక, “ఇప్పుడు బాగ ఊకుంటున్నవ్, ఆపా,” అని కాగితం మీద సంతకం పెట్టింది. సంస్థవాళ్లు నన్ను గోపాల్‌పేట దగ్గర ఒక బడికి పంపారు. ఇక్కడ ఒకటో తరగతి నాదే. కొత్త పిల్లలకు లెక్క మొదలుపెట్టే రోజు ఇప్పటికీ నాకు అన్నం సహించదు. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టుకుని అడిగేదాకా ఎవరికీ వచ్చిందని అనుకోను.

నాతో రెసిడెన్సీ చేసిన ఇద్దరు నాగర్‌కర్నూల్ వైపు బడుల్లో ఉన్నారు. గుట్టల అంచున ఊళ్లకు పోయినప్పుడల్లా ఆ పాప కోసం అడిగి చూడమన్నాను. ఒకసారి అలాంటి పాపే ఒకతి కనపడిందని ఫోన్ చేశారు. లెక్కపెట్టించి ఫోన్ ఆమె దగ్గర పెట్టమన్నాను. ఆ పిల్ల లాభం ఊసే లేకుండా ఒకటి, రెండు, మూడు అని గడగడా పది దాకా చెప్పింది. ఆమె కాదు. అయినా శభాష్ అన్నాను.

పంతొమ్మిది మంది. నా కళ్ల ముందు దారికొచ్చినవాళ్లు పద్దెనిమిది. ఇంకా ఇవ్వాల్సింది ఒకటి.